పిడికిలి కంటే ముందు పాదాలు

వీధిలో గొడవ జరిగితే ఎవరు నిలబడతారు? బాక్సరా, కుస్తీ పహిల్వానా, కరాటేలో బ్లాక్ బెల్ట్ ఉన్నవాడా? జిమ్‌లో చేరబోయే కుర్రవాడూ, కూతురికి ఆత్మరక్షణ నేర్పించాలనుకునే తల్లీ తండ్రీ తప్పకుండా అడిగే ప్రశ్న ఇది. ఒక్క విద్యతోనే మొదలుపెట్టాలంటే బాక్సింగ్‌తో మొదలుపెట్టండని నేను చెబుతాను. అయితే అందుకు కారణం చాలామంది ఊహించేది కాదు. బాక్సింగ్ మీకిచ్చే అసలు ఆస్తి గుద్దులో ఉండదు. పాదాలు ఎక్కడుండాలో తెలియడంలో, ముఖం మీదికి దెబ్బ వస్తున్నా కళ్లు మూసుకోకపోవడంలో ఉంటుంది. మిగతా యుద్ధవిద్యల పక్కన పెట్టి చూస్తే ఈ సంగతి మరింత బాగా తెలుస్తుంది.

గొడవ నిజంగా ఎలా ఉంటుంది

సినిమాలో హీరో మధ్యలో నిలబడతాడు, రౌడీలు వంతులవారీగా వచ్చి తన్నులు తింటారు. వీధిలో అలా ఉండదు. బండికి బండి తగులుతుంది, లేదా పార్కింగ్ దగ్గర మాటా మాటా పెరుగుతుంది. ‘మీరు’ కాస్తా ‘నువ్వు’ అవుతుంది, ‘నువ్వు’ కాస్తా ‘ఒరేయ్’ అవుతుంది. ఒకరు తోస్తారు, రెండోవాడు కాలర్ పట్టుకుంటాడు, చెంప పగులుతుంది. ఎవరు ముందు కొట్టారో తేలేలోగా ఒకరి స్నేహితుడు పక్కనుంచి హెల్మెట్‌తో కొడతాడు. అంతా కొన్ని సెకన్లలో జరిగిపోతుంది. కాళ్ల కింద రింగులో ఉండే మెత్తటి కాన్వాస్ ఉండదు. తారు రోడ్డు, కంకర, ఫుట్‌పాత్ అంచు ఉంటాయి.

అక్కడ తూకం వేసేవాళ్లు కూడా ఉండరు. మన నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్‌లో 52 కిలోల విభాగంలో, 2023లో ఢిల్లీలో 50 కిలోల విభాగంలో ప్రపంచ చాంపియన్ అయింది. రెండు కిలోల తేడా ఉంటే విభాగమే మారిపోయేంత నిక్కచ్చి ఆ ఆటది. వీధిలో మీ ముందుకొచ్చేవాడు మీకంటే ముప్పై కిలోలు ఎక్కువుండొచ్చు, తాగి ఉండొచ్చు, వెనక నలుగురు ఉండొచ్చు. ఏ విద్యనైనా ఈ షరతుల మధ్య నిలబెట్టే కొలవాలి.

బాక్సింగ్ ఇచ్చే మూడు బలాలు

మొదటిది దూరం. బాక్సర్ చాలా కాలం నేర్చుకునేది ఒకే కొలత: ఎదుటివాడి చెయ్యి తనకు అందే దూరమెంత, అందని దూరమెంత. అర అడుగు వెనక్కి జరిగితే గుద్దు గాలిలో పోతుంది. అర అడుగు పక్కకు తిరిగితే ఎదుటివాడు మళ్లీ సర్దుకోవాలి. కాళ్లు ఒకదానికొకటి అడ్డం పడకుండా, బరువు ఒక్క కాలి మీదే ఆనకుండా కదలడం దీనికి పునాది. నేర్చుకోనివాడు కోపంలో ముందుకు తూలుతూ వస్తాడు. బ్యాలెన్స్ తప్పకుండా నిలబడ్డవాడు సగం గొడవ గెలిచినట్టే.

రెండోది సూటిదనం. శిక్షణ లేనివాడి గుద్దు సాధారణంగా భుజం వెనక నుంచి గుండ్రంగా తిరిగి వస్తుంది. అది బయల్దేరడం ముందే కనిపిస్తుంది. గడ్డం దగ్గర నుంచి నేరుగా వెళ్లే జాబ్ తక్కువ దూరం ప్రయాణిస్తుంది, కాబట్టి ముందు చేరుతుంది. ఆ తేడాను మీ కళ్లు పసిగట్టడం నేర్చుకుంటే ఎదుటివాడి భుజం కదలగానే మీరు అక్కడి నుంచి జరిగిపోయి ఉంటారు.

మూడోదే అన్నిటికంటే విలువైనది: దెబ్బ తిన్న అనుభవం. ముఖం మీద మొదటిసారి గుద్దు పడితే మనిషికి ఊపిరి బిగుసుకుంటుంది, చూపు ఇరుకవుతుంది, చేతులు వణుకుతాయి, నేర్చుకున్నదంతా చెదిరిపోతుంది. స్పారింగ్, అంటే జోడీతో సాధన పోరు, చేసినవాడికి ఈ స్థితి కొత్త కాదు. దెబ్బ తిన్నాక కూడా ఊపిరి వదలాలని, గడ్డం దించాలని, పక్కకు కదలాలని అతని ఒంటికి తెలుసు.

ఈ మూడో బలం బాక్సింగ్ సొత్తేమీ కాదు. ఎదిరించే మనిషి మీద సాధన చేయించే ప్రతి విద్యలోనూ అది ఉంది. 1882లో జిగోరో కానో టోక్యోలో కొడోకాన్ స్థాపించి జూడోకు రూపమిచ్చినప్పుడు, పట్టు ఇవ్వని ప్రత్యర్థితో నిజంగా పెనుగులాడే ‘రందోరి’కి పెద్దపీట వేశాడు. కుస్తీ గోదాలో జరిగేదీ అదే. ఎదుటివాడు పడనని మొరాయిస్తుంటే పడగొట్టడమే అక్కడి పాఠం. అందుకే రెండేళ్లు గోదాలో మట్టి పూసుకున్న కుర్రవాడు, పదేళ్లు గాలిలో కటాలు (ప్రత్యర్థి లేకుండా చేసే కదలికల వరుసలు) మాత్రమే చేసినవాడి కంటే వీధిలో గట్టిగా నిలబడతాడు. విద్య పేరు ఏదైనా ముందు ఈ ఒక్క ప్రశ్న అడగండి: ఇక్కడ ఎదుటివాడు నన్ను నిజంగా అడ్డుకుంటాడా?

మరి కరాటే, తైక్వాండో సంగతి? వాటిలోనూ గట్టిగా స్పారింగ్ చేయించే శాఖలున్నాయి. అయితే పోటీ నియమాలు అలవాట్లను మలుస్తాయి. క్యోకుషిన్ కరాటే పోటీల్లో కాళ్లతో తలకు తన్నొచ్చు, చేత్తో ముఖం మీద గుద్దకూడదు. ఒలింపిక్ తైక్వాండోలోనూ తలకు పిడికిలి తగలకూడదు. రోడ్డు మీద మొదటి దెబ్బ తరచుగా చేత్తో ముఖానికే వస్తుంది. ఆ వైపు నుంచి దెబ్బ రాదనే అలవాటులో పెరిగిన మంచి ఆటగాడు కూడా తడబడవచ్చు. ఇక్కడ బాక్సింగ్‌ది స్పష్టంగా పైచేయి.

పిడికిలిని ఎందుకు పూర్తిగా నమ్మకూడదు

1988 ఆగస్టులో న్యూయార్క్‌లోని హార్లెమ్‌లో, ఒక బట్టల దుకాణం బయట మైక్ టైసన్‌కూ మరో హెవీవెయిట్ బాక్సర్ మిచ్ గ్రీన్‌కూ గొడవ జరిగింది. టైసన్‌కు అప్పటికి 22 ఏళ్లు. భూమ్మీద అతన్ని మించిన గుద్దు లేదని పేరు. గ్రీన్ కన్ను వాచిపోయింది, టైసన్ కుడిచేతి ఎముక విరిగింది. ఫ్రాంక్ బ్రూనోతో జరగాల్సిన పోటీ వాయిదా పడింది.

రింగులో బాక్సర్ చేతికి ముందు బ్యాండేజీ గుడ్డ చుడతారు, దాని మీద గ్లవ్ తొడుగుతారు. ఆ తొడుగు ఎదుటివాడి ముఖాన్ని కాపాడినంతగా బాక్సర్ చేతినీ కాపాడుతుంది. ఒట్టి చేత్తో నుదుటి మీదో తల మీదో గుద్దితే చిటికెన వేలి వెనకున్న సన్నటి ఎముక విరగవచ్చు. డాక్టర్లు దానికి ‘బాక్సర్స్ ఫ్రాక్చర్’ అనే పేరే పెట్టారు. నోటి మీద గుద్దితే పన్ను గీరుకుని మెటిక దగ్గర చిన్న గాటు పడుతుంది. చూడ్డానికి అది చిన్నదే గానీ, నోటిలోని క్రిములు కీలు దాకా వెళ్లి చెయ్యి చీము పట్టే ప్రమాదం ఉంది. అలాంటి గాటు పడితే ఇంట్లో పసుపు రాసి ఊరుకోకండి, అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి.

గ్లవ్ లేకపోవడం మీ రక్షణనూ మారుస్తుంది. పెద్ద గ్లవ్‌లను ముఖానికి ఆనించి వాటి వెనక దాక్కోవడం రింగులో కుదురుతుంది. ఒట్టి చేతులైతే ఆ సందుల్లోంచి పిడికిలి సులువుగా దూరిపోతుంది. అలాగే రింగులో నడుము దాకా వంగి గుద్దు తప్పించుకున్నా ఫర్వాలేదు. వీధిలో అలా వంగితే మోకాలు ముఖానికి వస్తుంది, లేదా మెడ ఎదుటివాడి చంకలో చిక్కుతుంది.

గుద్దు సరిగ్గా తగిలితే? అసలు భయపడాల్సింది అప్పుడే. దవడకు దెబ్బ తగిలి స్పృహ తప్పినవాడు చేతులు అడ్డం పెట్టుకోలేడు. తల నేరుగా రోడ్డుకు కొట్టుకుంటుంది. ప్రాణం తీసేది చాలాసార్లు గుద్దు కాదు, ఆ రోడ్డు. ఒక్క గుద్దుతో జరిగిన మరణాలు జనాన్ని కదిలించడంతో, ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రం 2014లో ప్రత్యేక చట్టమే తెచ్చింది. తాగిన మత్తులో కొట్టి చావుకు కారణమైతే అక్కడ కనీసం ఎనిమిదేళ్ల జైలు.

మన చట్టం ఏమంటుందో కూడా ప్రతి బాక్సర్‌కూ తెలిసి ఉండాలి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 వరకు సెక్షన్లు ఆత్మరక్షణ హక్కు గురించి చెబుతాయి. ఆ హక్కు నిజమైనదే, గట్టిదే. కానీ రక్షణకు అవసరమైనంత మేరకే దెబ్బ తీయాలని 37వ సెక్షన్ హద్దు గీస్తుంది. ఎదుటివాడి పన్ను ఊడినా, ఎముక విరిగినా చట్టం దృష్టిలో అది తీవ్ర గాయం. ఆత్మరక్షణ అని నిలబడకపోతే 117వ సెక్షన్ కింద ఏడేళ్ల వరకు శిక్ష పడొచ్చు. ఇద్దరూ సై అంటే సై అని నడిరోడ్డు మీద కలబడి జనశాంతికి భంగం కలిగిస్తే ఇద్దరి మీదా 194వ సెక్షన్ ఉండనే ఉంది. గొడవ అయిపోయాక పడిపోయినవాడిని ఇంకొక్కటి కొట్టారా, అప్పటిదాకా మీ వైపున్న చట్టం ఎదుటి పక్షానికి వెళ్లిపోతుంది.

బాక్సర్ పాదాలను లాక్కునే విద్యలు

బాక్సింగ్ పుట్టినప్పుడే ఒట్టి గుద్దుల ఆట కాదు. 19వ శతాబ్దంలో ఇంగ్లండ్‌లో ఒట్టి చేతులతో కొట్టుకున్న రోజుల్లో ప్రత్యర్థిని పట్టుకుని పడేయడం కూడా అందులో భాగమే. ఎవరైనా పడిపోతే ఆ రౌండ్ ముగిసేది. 1867లో క్వీన్స్‌బెరీ నియమాలు వచ్చి గ్లవ్‌లు తొడిగించాయి, మూడు నిమిషాల రౌండ్లు పెట్టాయి, పట్టుకోవడాన్ని నిషేధించాయి. ఆ తర్వాత తరాల బాక్సర్లు చేతి విద్యను అద్భుతంగా పెంచారు. పట్టును మాత్రం మరిచిపోయారు. ఆ మరుపు ఖరీదెంతో తర్వాతి కాలపు పోటీలు చూపించాయి.

1993 నవంబరు 12న అమెరికాలోని డెన్వర్‌లో, వేర్వేరు యుద్ధవిద్యలవాళ్లు తలపడే మొదటి యూఎఫ్‌సీ పోటీ జరిగింది. బాక్సర్ ఆర్ట్ జిమ్మర్సన్ ఒక్క చేతికే గ్లవ్ తొడుక్కుని బరిలోకి దిగాడు. బ్రెజిలియన్ జుజుత్సు తెలిసిన రాయిస్ గ్రేసీ అతన్ని పడగొట్టి ఛాతీ మీద కూర్చున్నాడు. రెండున్నర నిమిషాలైనా గడవకముందే బాక్సర్ ఓటమి ఒప్పుకున్నాడు. 2010 ఆగస్టులో బోస్టన్‌లో, మూడు బరువు విభాగాల్లో ప్రపంచ బాక్సింగ్ టైటిళ్లు గెలిచిన జేమ్స్ టోనీని కుస్తీ నేపథ్యం ఉన్న రాండీ కటూర్ మొదటి రౌండ్‌లోనే కాలు పట్టి పడేసి, మెడ బిగించి గెలిచాడు.

పడేయకుండానే పాదాలను దెబ్బతీయవచ్చని 1976 జూన్ 26న టోక్యోలో తేలింది. జపాన్ రెజ్లర్ ఆంటోనియో ఇనోకీ రింగులో ఎక్కువసేపు వెల్లకిలా పడుకునే మహమ్మద్ అలీ కాళ్లను తన్నాడు. 15 రౌండ్ల ఆ పోటీ డ్రాగా ముగిసింది గానీ, అలీ కాళ్లు వాచి రక్తం గడ్డకట్టి ఆసుపత్రిలో చేరాల్సి వచ్చింది. 1988లో లాస్ వెగాస్‌లో అమెరికా కిక్‌బాక్సర్ రిక్ రూఫస్ గుద్దులతో థాయ్ యోధుడు చాంగ్‌పుయెక్‌ను మొదట్లోనే పడగొట్టాడు. కానీ తొడల మీద పడ్డ తన్నులకు చివరికి అతను నిలబడలేకపోయాడు. మువాయ్ థాయ్‌లో తొడ మీద తన్నే ఆ దెబ్బ ఎంత పనిచేస్తుందో అమెరికా కిక్‌బాక్సింగ్ ప్రపంచం ఆ రోజు చూసింది.

ఈ నాలుగు పోటీల్లోనూ ఎదుటివాళ్లు బాక్సర్ లేదా కిక్‌బాక్సర్ చేతులతో పోటీ పడలేదు. అతని కాళ్ల మీదికే వెళ్లారు. నేల మీద పాదాల పట్టు పోతే గుద్దుకు బలం వచ్చే దారే లేదు, ఎందుకంటే ఆ బలం మడమ నుంచి తుంటి మీదుగా భుజానికి చేరుతుంది. మీ వీధిలో రాయిస్ గ్రేసీ ఎదురుపడడు, నిజమే. కానీ ఏ శిక్షణా లేనివాడు కూడా దెబ్బ తగలగానే చేసేది వాటేసుకోవడమే. అక్కడి నుంచి ఇద్దరూ కిందపడటం ఎంతసేపు? కాబట్టి ఒట్టి బాక్సింగ్ సరిపోదు.

ఇక కింద పడ్డాక జుజుత్సుకు సాటి మరొకటి లేదు, ఒకరితో ఒకరు అయినంతవరకు. వీధిలో మీరు ఒకడి మెడ బిగిస్తుంటే వాడి తమ్ముడు మీ తల మీద తన్నుతాడు. అందువల్ల వీధి కోసం జుజుత్సు నుంచి మొదట నేర్చుకోవాల్సింది బిగింపులు కాదు. కింద పడితే తలను కాపాడుకోవడం, మీద కూర్చున్నవాడిని దొర్లించడం, చప్పున లేచి నిలబడటం. జూడో నుంచి తీసుకోవాల్సింది కాలర్ పాఠం. మన గొడవల్లో చెయ్యి ముందు వెళ్లేది చొక్కా మీదికే, జూడో మొత్తం బట్ట మీది పట్టుతోనే నడుస్తుంది. ఆడపిల్లలకు ఇది ఇంకా ముఖ్యం. వాళ్ల మీద దాడి చాలాసార్లు మణికట్టో జుట్టో పట్టుకోవడంతో మొదలవుతుంది. పట్టు విడిపించుకోవడం వస్తేనే తర్వాత పాదాలకు పని దొరుకుతుంది.

కత్తి కనబడితే

ఇక్కడ ఏ విద్యకూ మినహాయింపు లేదు. 1983లో అమెరికా పోలీసు అధికారి డెనిస్ ట్యూలర్ ఒక లెక్క బయటపెట్టాడు: కత్తి పట్టుకున్నవాడు 21 అడుగుల దూరాన్ని దాదాపు ఒకటిన్నర సెకన్లలో దాటేస్తాడు. తుపాకీ ఒరలోంచి తీసి కాల్చడానికి పోలీసుకు పట్టే సమయమూ దాదాపు అంతే. తుపాకీ ఉన్నవాడి పరిస్థితే అలా ఉంటే ఒట్టి చేతులవాళ్ల మాట చెప్పక్కర్లేదు. కత్తి, పగిలిన సీసా, ఇనుపరాడ్డు, ఏది కనబడినా పరుగెత్తండి. పర్సు అడిగితే పర్సు విసిరేసి పరుగెత్తండి. పారిపోయే దారి మూసుకుపోతే మాత్రమే చేతికి దొరికిన కుర్చీనో బ్యాగునో అడ్డం పెట్టుకుని, దారి తెరుచుకునేదాకా పోరాడండి.

ఏ వరుసలో నేర్చుకోవాలి

మొదటి ఆరు నెలలు బాక్సింగ్. నిలబడే తీరు, నాలుగు దిక్కులా అడుగులు, జాబ్, గార్డ్, తర్వాత కోచ్ పర్యవేక్షణలో తేలికపాటి స్పారింగ్. ప్రతిరోజూ తల అదిరేలా కొట్టించే చోట ఉండకండి. ఆత్మరక్షణ నేర్చుకుంటూ మెదడును పాడుచేసుకోవడం అర్థం లేని పని. తర్వాతి ఆరు నెలలు వారానికి రెండు రోజులు కుస్తీ, జూడో, జుజుత్సుల్లో మీ ఊళ్లో దొరికేది ఏదైనా. అది దొరకకపోతే బాక్సింగ్ కోచ్‌నే అడిగి, వాటేసుకుంటే విడిపించుకునే సాధన చేయండి. ఏడాది తర్వాత మీకు ఇష్టమైనదాన్ని లోతుగా నేర్చుకోండి.

ఈ క్రమంలో మీలో వచ్చే అసలు మార్పు ఒకటుంది. వారానికి మూడుసార్లు స్నేహపూర్వకంగా దెబ్బలు తినేవాడికి రోడ్డు మీద ఎవడో అన్న మాట పెద్దగా తగలదు. తన సత్తా ఏమిటో అతనికి తెలుసు, సిగ్నల్ దగ్గర ముక్కూ మొహం తెలియనివాడికి రుజువు చేయాల్సిన అవసరం కనబడదు. వెనక్కి వేసే అడుగును బాక్సర్ రోజూ వందలసార్లు సాధన చేస్తాడు. దాన్ని ఓటమిగా లెక్కించడు, తర్వాతి క్షణాన్ని తన చేతిలోకి తీసుకోవడంగా చూస్తాడు. కొట్టడం వచ్చిన మనిషి కొట్టకుండా వెళ్లిపోగలిగితే, అతను నేర్చుకున్న విద్య ఒంటికి పట్టినట్టు.

ఈ అధ్యాయం సాధన

1. అడుగులు: రోజూ మూడు నిమిషాల చొప్పున మూడు రౌండ్లు, మధ్యలో నిమిషం విశ్రాంతి. గుద్దులు వద్దు. ముందుకు, వెనక్కి, రెండు పక్కలకు కదలండి. కాళ్లు ఒకదాన్ని ఒకటి దాటకూడదు.

2. తెరిచిన చేతులు: ‘అన్నా, నాదే తప్పు, వదిలేయండి’ అంటూ అరచేతులు ఛాతీ ఎత్తులో ముందుకు పెట్టండి. చూసేవాళ్లకు అది శాంతంగా కనిపిస్తుంది, మీకేమో గార్డ్ సిద్ధంగా ఉంటుంది. అద్దం ముందు మాటతో సహా సాధన చేయండి. గొంతు తగ్గాలి, అడుగు వెనక్కి పడాలి.

3. అరచేతి మడమ: తప్పనిసరై కొట్టాల్సివస్తే పిడికిలికి బదులు అరచేతి కింది గట్టి భాగం వాడటం బ్యాగ్ మీద నేర్చుకోండి. చేతి ఎముకలు విరిగే ప్రమాదం బాగా తగ్గుతుంది.

4. లేవడం: చాప మీద వెల్లకిలా పడుకుని, ఒక చెయ్యి ముఖానికి అడ్డం పెట్టి, రెండో చెయ్యి నేలకు ఆనించి, కాలు వెనక్కి లాగి లేచి నిలబడండి. రెండు వైపులా పదేసి సార్లు.

5. పరుగు: వారానికి రెండుసార్లు వంద మీటర్లు పూర్తి వేగంతో, ఐదుసార్లు.

6. దారి చూడటం: ఏ హోటల్‌కు వెళ్లినా, ఏ థియేటర్‌లో కూర్చున్నా బయటికి వెళ్లే దారులు రెండు గుర్తుపెట్టుకోండి. ప్రమాదం తప్పించుకున్న వెంటనే జనం ఉన్నచోట ఆగి 112కు ఫోన్ చేయండి. ఏం జరిగిందో మీరే ముందు చెప్పండి, చూసినవాళ్లలో ఒకరి నంబరైనా తీసుకోండి.

ఆరు వారాలు ఈ ఆరూ చేశాక ఒక పరీక్ష పెట్టుకోండి. ఈ మధ్య ఎవరో మిమ్మల్ని రోడ్డు మీద రెచ్చగొట్టినప్పుడు మీ శరీరంలో ముందు కదిలింది పిడికిలా, పాదమా? పాదమైతే మీరు సరైన దారిలో ఉన్నారు. పిడికిలైతే మళ్లీ మొదటి సాధన దగ్గర నుంచి మొదలుపెట్టండి.